మూడో పాటలో ఖాళీ జాగా

నా పాటలు వినేవాళ్ళందర్నీ కూర్చోబెడితే బెంగాల్లో మా సంత్రాగాఛి లోకల్ రైల్లో ఒక పెట్టె కూడా నిండదు. ఆ కొద్దిమందిలోనూ ఎక్కువమంది మీలాంటి పాతికేళ్ళవాళ్ళే. నేను ఆడదాన్నని, రైల్వేలో రిటైరయ్యానని వాళ్ళకి తెలియదు. నా మారుపేరు చూసి ఎవరో కుర్రాడనుకుని "బ్రో" అని రాస్తుంటారు. రాసినవాళ్ళలో సగంమంది అడిగేది ఒక్కటే. "బ్రో, మూడో పాట మధ్యలో రాగం ఉన్నట్టుండి ఆగిపోతోంది. కింద తాళం నడుస్తూనే ఉంది, పైన ఏమీ లేదు. కాసేపయ్యాక మళ్ళీ అందుకుంటోంది. ఫైలు పాడైందా?" ఐదో పాటలోనూ అంతే, ఆరో పాటలోనూ అంతే. మొన్న ఒకాయన ఆ ఖాళీలన్నీ తనే పూడ్చేసి, "బాగుచేశాను, చూసుకో" అని పంపించాడు. చాలా శ్రద్ధగా పూడ్చాడు పాపం. అది విన్నాక ఇంక ఊరుకోకూడదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఈ సంగీతం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. చేతిలో పట్టుకుని ఆడుకునే పాత వీడియోగేమ్ మిషన్లు ఉండేవి కదా, ఇటుకంత బరువుతో, ఆకుపచ్చ తెరతో. దాని లోపల శబ్దం పుట్టించే చిప్ ఒకటి ఉంటుంది. దానికి ఒకేసారి నాలుగు గొంతులే ఉంటాయి. రెండు గొంతులు తిరనాళ్ళలో అమ్మే బూరాల్లా మోగుతాయి. మూడోది కాస్త మెత్తగా, కిందిస్థాయిలో పలుకుతుంది. నాలుగోది ఉత్త బుస్సుమనే చప్పుడు, దాన్ని డప్పుగా వాడుకోవాలి. ఆ నాలుగింటితో పాట కట్టడమే చిప్‌ట్యూన్. ఆ మిషన్లోకి గేమ్ క్యాసెట్ బదులు పాటలు కట్టే క్యాసెట్ పెట్టుకుని, తెరమీద వరసగా అక్షరాలు, అంకెలు నింపుకుంటూ పోవాలి. అయ్యాక కంప్యూటర్లోకి రికార్డు చేసి, నీ అంతట నువ్వే ఇంటర్నెట్‌లో పెట్టుకోవచ్చు. ఏ కంపెనీ గుమ్మం తొక్కక్కర్లేదు.

నాలుగు గొంతులతో ఏం పాట అని చాలామంది పెదవి విరుస్తారు. నేను మా తెలుగు చర్చి క్వయర్‌లో చిన్నప్పటినుంచీ ఆల్టో, అంటే ఆడవాళ్ళ కింది గొంతు, పాడినదాన్ని. నాలుగు గొంతులతో గోడలు అదిరిపోతాయని నాకు ఎనిమిదో ఏటే తెలుసు.

మిషన్ నా చేతికి వచ్చింది రిపేరు కోసం. తెచ్చినవాళ్ళు మళ్ళీ రాలేదు. నాకు చిన్నప్పటినుంచీ ఒక జబ్బు ఉంది, మూత బిగించి ఉన్నదేదీ చూడలేను. విప్పాను, బాగుచేశాను, మోగించాను, ఆ మోతకి పడిపోయాను. ఇంట్లో మాత్రం గోలే. మా ఆయన ఏక్‌బాల్‌పూర్ దగ్గర రేవు గోదాముల్లో పనిచేసి వచ్చిన మనిషి, క్రేన్ల మోతకి అలవాటుపడ్డ చెవులు. అయినా సరే, "ఓలె, ఇంట్లో దోమ దూరినట్టు కీమంటందేటే? మందు కొట్టనా?" అనేవారు.

ఇక ఉద్యోగం. మాది టెలికం సెక్షను. స్టేషన్ల మధ్య ఫోన్లు, ప్లాట్‌ఫారం మీద అనౌన్స్‌మెంట్ స్పీకర్లు, వాటి బ్యాటరీలు మా బాధ్యత. నాన్న సర్వీసులో ఉండగా పోతే ఆ ఉద్యోగం నాకు ఇచ్చారు. ఇరవై రెండేళ్ళ పిల్లని, స్క్రూడ్రైవర్ తప్ప ఏమీ తెలియదు. నన్ను మా సెక్షన్లో ఒక పెద్దాయన కింద వేశారు. ఆయన మన తెలుగాయనే. వాళ్ళ తాతల కాలంలో పలాస వైపునుంచి వచ్చారు. ఇక్కడి టికియాపారా రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగారు. ఆఫీసులో బెంగాలీలు, బీహారీలు అందరూ అన్నయ్యా అనడానికి దాదా అంటే నేనూ దాదా అనే అన్నాను. చివరిదాకా అదే పిలుపు.

దాదా పని నేర్పిన తీరు చిత్రంగా ఉండేది. ఫోను పాడైందంటే ఇద్దరం వెళ్ళేవాళ్ళం. ఆయన రిసీవరు తీసి నేరుగా నా చేతిలో పెట్టేవారు.

"ఇను సెల్లీ. ఏటంటందో సెప్పు. కరకరమంటందా, బుసబుసమంటందా?"

"బుసబుస, దాదా. మధ్యమధ్యలో టిక్కుమంటంది."

"టిక్కు ఎంతసేపటికోపాలి?"

"రైలు దగ్గరకొస్తే ఎక్కువవుతంది."

"అయితే మూడో గుమటీ కాడ జాయింట్లో నీరు దిగినాది. పద."

వెళ్ళి చూస్తే ఆ గేటు గది దగ్గర కేబుల్లో నీరు దిగే ఉండేది. ఒక్కసారి కూడా తప్పలేదు. తను మాత్రం ఎప్పుడూ రిసీవరు చెవికి పెట్టుకునేవారు కాదు. ఎంత గొప్ప గురువో, పనంతా శిష్యురాలి చేతే చేయిస్తారు అనుకుని పొంగిపోయేదాన్ని. అలా పదకొండేళ్ళు పొంగిపోయాను.

ఒకరోజు ఆయన వీపు వెనకే టేబులు మీద ఫోను మోగింది. ఆయన కాగితం మీద ఏదో రాసుకుంటున్నారు. ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. ఆయన పెన్ను ఆగలేదు. నేను గుమ్మంలో నిలబడి అంతా చూశాను. అప్పటికి గానీ నా బుర్రకి తట్టలేదు. కుర్రతనంలో పదిహేనేళ్ళు డీజిల్ షెడ్డు పక్కన పనిచేశారు, చెవులు అక్కడే పోయాయి. నా చెవిని తయారుచేసింది ఆయన చెవుడన్నమాట.

వెళ్ళి ఆ ఫోను నేనే ఎత్తాను. తర్వాత మెల్లగా తెలిసిందేమిటంటే సెక్షన్లో అందరికీ తెలుసు. బడోబాబు, అంటే మా సెక్షన్ పెద్ద, ఆయనకీ తెలుసు. దాదాతో మాట్లాడేటప్పుడు అందరూ ఆయన ఎదురుగా వచ్చి, పెదాలు కనబడేలా నిలబడతారు. ఆయన దాచుకుంటున్నారు, మేము తెలియనట్టు నటిస్తున్నాం. నేను చేరకముందు మా క్వయర్‌లో టెనర్, అంటే మగవాళ్ళ పై గొంతు, పాడింది కూడా ఆయనేనని, పాటలో తన వరస మరిచిపోతే అక్కడికక్కడే కొత్త వరస అల్లేసేవారని, ఉన్నట్టుండి ఒక ఈస్టరు తర్వాత "ఓపిక నేదు" అని మానేశారని మా అమ్మ చెప్పింది. ఓపిక సంగతి కాదది.

ఇక అసలు కథకి వస్తాను. దాదా రిటైర్మెంటుకి ఇంక ఏడాది ఉంది. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ, బల్ల మీద ప్లాట్‌ఫారం స్పీకరు ఒకటి రిపేరుకి ఉంటే, దాన్ని పరీక్షించడానికి చేతికందిన నా గేమ్ మిషన్ తగిలించాను. నేను కట్టుకుంటున్న పాట ఒకటి మోగింది. అటు తిరిగి రొట్టె తింటున్న దాదా తల తిప్పారు.

"ఆ పాటేటి?"

నేను పాట ఆపేశాను. గదిలో ఎప్పుడూ రేడియో మోగుతూనే ఉంటుంది, ఆయన దానివైపు తిరిగిన పాపాన పోలేదు.

"ఇనబడినాదా దాదా?"

"ఇనబడ్డమేటి! పాట తెలస్తంది. మళ్ళీ ఎయ్యి."

మళ్ళీ వేశాను. రొట్టె చేతిలోనే ఉండిపోయింది. ఆయన కళ్ళు మూసుకుని వేలితో బల్ల మీద తాళం వేశారు. తప్పులేని తాళం. ఆ రోజు ఆ పాట తొమ్మిదిసార్లు వేయించుకున్నారు.

ఇంటికెళ్ళినా నాకు అదే ఆలోచన. రేడియోలో పాట వినబడని మనిషికి ఇది ఎలా వినబడింది? నాకు తోచింది చెప్తాను, నేను డాక్టర్ని కాను. మామూలు పాటలో పది వాయిద్యాలు, గొంతు, మాటలు అన్నీ కలిసి వస్తాయి. బాగున్న చెవి వాటిని విడదీసుకుంటుంది. పాడైన చెవికి అదంతా ఒకటే గందరగోళం. నా మిషన్లో అయితే ఒక్కో స్వరం ఒంటరిగా, నిటారుగా, గట్టిగా వస్తుంది. దానిలో విడదీసుకోవాల్సింది ఏమీ లేదు. అందుకే పట్టుకోగలిగారు.

తోస్తే సరిపోదు కదా, పరీక్షించాలి. రైల్వే బుద్ధి. ఒక పాత రిజిస్టరు తీసుకుని గీతలు గీశాను. ఒక గడిలో స్వరం, పక్క గడిలో వినబడిందీ లేనిదీ. దాదాని ఎదురుగా కూర్చోబెట్టి, అట్టడుగు స్వరంనుంచి ఒక్కోటీ నొక్కుకుంటూ పైకి పోయాను. ప్రతిదానికీ ఆయన చెయ్యెత్తి "ఇనబడినాది" అన్నారు. కింది స్థాయిలు అయ్యాయి, నడిమి స్థాయిలు అయ్యాయి, కీచుమనే పై స్థాయిలకి వచ్చాను. చెయ్యి లేస్తూనే ఉంది. చిట్టచివరి స్వరం నాకే సరిగా వినబడలేదు, ఆయన దానికీ చెయ్యెత్తారు. నేను అన్ని గడుల్లోనూ టిక్కు పెట్టి, "ఈ మోతకి దాదా చెవి నాకంటే నయం" అని కింద రాసుకున్నాను కూడా. నా తెలివికి ఆ వాక్యమొక్కటి చాలు.

ఆ రోజునుంచీ నాకు పని దొరికింది. అంతకుముందు రెండు ఆల్బంలు విడుదల చేశాను, అవి నా సరదా కోసం. ఇది దాదా కోసం. ఎనిమిది పాటలు అనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా పాటలేని మనిషికి పాట. మొదలుపెట్టినప్పుడు ఆయన ఒకమాట అన్నారు. "సెల్లీ, నా ఆఖరి రోజున స్పీచ్‌లు పెడతారు. దండేసి అరగంట ఏటో సెప్తారు. నాను నవ్వుతా కూకోవాలి. అదే బెంగ నాకు." ఏం చెప్తున్నారో వినబడదని ఆయన అనలేదు. నేనూ అనలేదు. "స్పీచ్‌లుండవు దాదా. ఆ రోజు మన పాటలే ఉంటాయి. అదే రోజు లోకానికీ విడుదల చేస్తాను" అని మాటిచ్చాను. బడోబాబుని కూడా ఒప్పించాను. ఇంటర్నెట్‌లో నా కొద్దిపాటి శ్రోతలకీ తేదీ చెప్పేశాను.

రోజూ టీ వేళకి కట్టినంత మేర ఆయనకి వినిపించేదాన్ని. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. కొన్నిచోట్ల పెదాలు కదిలేవి. ప్రార్థన చేసుకుంటున్నారేమో అనుకునేదాన్ని.

ఎనిమిది పాటలూ అయ్యాయి. ఇంక రెండు వారాలుంది. ఆదివారం కూర్చుని అన్నీ వరసగా రికార్డు చేయాలని శనివారం తయారీలో పడ్డాను. ఇక్కడ మీరు నవ్వుకోవచ్చు.

ఆ పాటల క్యాసెట్టులో రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కట్టిన పాటలు దాని దయమీదే బతుకుతాయి. అది తీరిపోతే పాటలన్నీ పోతాయి. మా సెక్షన్లో ప్రతి బ్యాటరీకీ ఒక కార్డు కట్టి ఉంటుంది, ఎప్పుడు వేశాం, ఎప్పుడు మార్చాలి అని. ఏళ్ళ తరబడి వచ్చిన అలవాటు, నేను క్యాసెట్టుకి కూడా చిన్న కాగితం అంటించి తేదీ రాసుకున్నాను. ఆ తేదీ ఆ వారంలోనే వచ్చింది. పెద్ద ఇన్‌స్పెక్షన్ ముందు మేం ఎప్పుడూ బ్యాటరీలు మార్చేస్తాం, మధ్యలో ఏదీ మొరాయించకూడదని. రికార్డింగు నాకు ఇన్‌స్పెక్షన్ లాంటిదే కదా.

"ముందు కంప్యూటర్లోకి కాపీ చేసుకోవచ్చు కదా" అంటారు మీరు. చేసుకోవచ్చు. అయిదు నిమిషాల పని. కానీ నేను ఎవర్ని? ఒక్క రైలుకీ తెలియకుండా స్టేషన్ల బ్యాటరీలు మార్చిన మనిషిని. దానికో పద్ధతుంది. కొత్త బ్యాటరీని వైర్లతో ముందే పక్కన కలిపి, ఆ తర్వాత పాతది విప్పాలి. కరెంటు ఒక్క క్షణం కూడా ఆగదు. అదే పద్ధతి చేశాను, ఆఫీసు క్లిప్పులతోనే. అవి పిడికిలంత బ్యాటరీ బోల్టుల్ని కరిచిపట్టే మొసలి నోళ్ళ క్లిప్పులు. వాటిని తీసుకెళ్ళి గోరంత రేకుకి తగిలించాను. సోల్డరింగ్ ఐరన్ పెట్టి పాత బిళ్ళ లేపాను. లేచింది.

అప్పుడే వంటింట్లోంచి మా ఆయన కేక. "ఓలె, సేప మాడిపోతంది! పొయ్యి కట్టేసెయ్యనా?"

తల తిప్పాను. క్లిప్పు జారింది. చప్పుడు కూడా చేయలేదు. మళ్ళీ తగిలించాను, కొత్త బిళ్ళ అతికించాను, క్యాసెట్టు మిషన్లో పెట్టాను. తెరమీద ఖాళీ వరసలు పైనుంచి కిందదాకా వచ్చాయి. ఎనిమిది పాటల్లో ఒక్క అక్షరం మిగల్లేదు.

పాత బిళ్ళని మీటరు పెట్టి చూశాను. మూడు వోల్టులు, నిక్షేపంగా ఉంది. ఇంకా అయిదారేళ్ళు వచ్చి ఉండేది. నేను మాత్రం ఓ మూల కూర్చుని ఏడ్చాను. మా ఆయన పాపం మాడని చేపని పళ్ళెంలో పెట్టి తెచ్చి, నా పక్కనే కూర్చున్నారు. "దోమ సచ్చిపోనాదా?" అన్నారు. వెక్కిరింపు కాదది, నిజంగానే దిగులుపడ్డారు.

చిప్‌ట్యూన్ కట్టేవాళ్ళ గుంపులో జరిగింది రాస్తే నలుగురు ఓదార్చారు, నలభైమంది కాపీ ఎలా చేసుకోవాలో నేర్పారు. పాటలు కాగితం మీద రాసుకోలేదు. నాకు ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయంతే. మొదటి పాట మొదలు, ఏడో పాట చివర, అలాగ. మిషన్ గుర్తుంచుకుంటుంది కదా అని మనిషి మరిచిపోతాడు.

సోమవారం దాదా ఎదురుగా నిలబడ్డాను, పెదాలు కనబడేలా.

"దాదా, పాటలన్నీ పోనాయి. నానే పోగొట్టీసినాను."

ఆయన మొదట నవ్వారు, ఆటపట్టిస్తున్నాననుకున్నారు. తర్వాత నా మొహం చూశారు. "కాపీ?" అన్నారు. లేదన్నాను. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి గదంతా అదిరేలా అరిచారు. "నీకు బ్యాటరీ మార్సడం నేర్పినోడు ఎవుడు? నాను కాదేటి? ఆ క్లిప్పులు దేనికి వాడతారు? ఛీ!" టీ గ్లాసు అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. రెండు రోజులు నావైపు చూడలేదు. తిట్టింది బ్యాటరీ గురించి, కోపం మాత్రం పాటల గురించని నాకు తెలుసు. ఆయనకి ముప్పై ఏళ్ళ తర్వాత దొరికిన సంగీతం అదొక్కటే. దాన్ని నేను చేప కోసం తలతిప్పి పోగొట్టాను.

మూడో రోజు పొద్దున్నే వచ్చి తలుపు మూశారు. నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మిషన్ తియ్యి. రాసుకో" అన్నారు. బల్లమీద వేలితో తాళం మొదలుపెట్టి, మొదటి పాట పాడడం మొదలెట్టారు.

దాదా పాడగా నేను ఎప్పుడూ వినలేదు. గొంతు బొంగురుపోయింది, శ్రుతి అటూ ఇటూ జారుతోంది, తన గొంతు తనకే వినబడదు మరి. కానీ స్వరం తర్వాత స్వరం, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, పాట మొత్తం ఉంది. నేను మరిచిపోయినవి కూడా ఉన్నాయి. ఏడాదిపాటు రోజూ విన్న మనిషి కదా. నాకు కళ్ళనీళ్ళతో తెర కనబడలేదు. "ఏడుపు తరవాత. ముందు అంకెలు ఎయ్యి" అని కసిరారు.

రెండు పాటలు అయ్యాయి. మూడో పాట మధ్యలో నేను ఆపాను.

"అక్కడ పైకెళ్ళాలి దాదా. మీరు కిందకి దిగిపోతన్నారు."

"పైకేటి? కిందకే."

"నాను కట్టిన పాట నాకు తెల్దేటి?"

"రోజూ ఇన్నోణ్ణి నాను. కిందకే!"

ఇద్దరం మొండివాళ్ళమే. నా వరస నాకు ఆ చోట బాగా గుర్తుంది, ఎంచేతంటే అది ఆ పాటకే అందం, ఒక్కసారిగా పైస్థాయికి ఎగురుతుంది. సరే, రెండూ మోగిద్దాం, ఏది నిజమో మీరే చెప్పండి అన్నాను. ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. బల్లమీద సామాను అడ్డంగా ఉంటే మిషన్‌ని ఒళ్ళో పెట్టుకుని, అంటే బల్ల కింద, నా వరస మోగించాను.

దాదా తల ఊపుతూ విన్నారు. పాట ఆ చోటుకి వచ్చింది. ఆయన కళ్ళు తెరిచారు.

"ఆపీసినావేటి?"

నేను ఆపలేదు. నా చెవికి హెడ్‌ఫోన్లలోంచి ఆ పై స్వరాలు సన్నగా వినబడుతూనే ఉన్నాయి. నా వేలు ఆగిపోయింది. 

రిజిస్టరు తెచ్చాను. బల్ల కిందనుంచి, నా చెయ్యి ఆయనకి కనబడకుండా, ఒక్కో స్వరం నొక్కాను. నడిమి స్థాయి దాటి కొంచెం పైకి పోయేసరికి దాదా చెయ్యి లేవడం మానేసింది. ఆ పైన అంతా ఖాళీ. ఏడాది కిందట నేను పెట్టిన టిక్కుల్లో మూడోవంతు అబద్ధం. అప్పుడు ఆయన చూసింది నా బొటనవేలుని. అది నొక్కినప్పుడల్లా చెయ్యెత్తారు. ఏళ్ళ తరబడి వినబడినట్టు నటించిన మనిషి, నా దగ్గర మాత్రం ఎందుకు మానేస్తారు? అంత చిన్న సంగతి నాకు తట్టలేదు. పరీక్ష పెట్టేవాళ్ళ చెయ్యి కనబడకూడదన్నది ఇంగితం, అది లేకపోయింది నాకు.

దాదా రిజిస్టరు వైపు చూసి, నావైపు చూసి, నెమ్మదిగా నవ్వారు.

"అప్పుడు నాను అబద్ధం ఆడినానని నీకు తెలుసు కదేటి? అందుకే కదా నాకోసరం ఆ సందులు వదిలినావు. క్వయర్‌లో టెనరుకి వదిలినట్టు. అక్కడక్కడ రాగం ఆగిపోద్ది, కింద తాళం ఉంటాది. రోజూ ఆ సందుల్లో నాను పాడుకునేవోణ్ణి, లోపల. అదే ఇప్పుడు పాడినాను. తప్పేటి?"

ప్రార్థన అనుకున్న పెదాల కదలిక అదన్నమాట.

నిజం చెప్పాలంటే, నేను ఏ సందూ వదల్లేదు. వాటి నిండా నేను చాలా కష్టపడి కట్టిన స్వరాలున్నాయి. నాకు ఏమీ తెలియదు, నన్ను నిలువునా మోసం చేశారు, నేను మోసపోయాను. అదంతా నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మొహం చూశాను.

"అవును దాదా. మీకోసమే వదిలినాను" అన్నాను.

సర్వీసులో నేను ఆడిన అబద్ధాలు తక్కువ. వాటిలో దీనికి మాత్రం పశ్చాత్తాపం లేదు.

మిగతా పాటలు అయ్యేసరికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. అయిదు, ఆరు పాటల్లోనూ అదే తీరు, నేను పైకి ఎగిరిన చోటల్లా ఆయన కిందనుంచి కొత్త దారి తీశారు. కొన్నిచోట్ల ఆయన దారే బాగుంది. ఇంక మిషన్లోకి ఏది ఎక్కించాలన్నది నా ముందున్న చిక్కు. నా స్వరాలు పెడితే ఆయనకి వినబడవు. ఆయన స్వరాలు పెడితే ఆయన పాడుకునే చోటు పోతుంది. రెండు రోజులు తర్జనభర్జన పడ్డాను. ఆఖరికి అక్కడ ఏమీ పెట్టలేదు. ఆయన అనుకున్నట్టే, నిజంగా సందులే వదిలాను. ఈసారి మొదట కాపీ చేసుకున్నాను, రెండుచోట్ల.

ఆఖరి రోజు వచ్చింది. మధ్యాహ్నం మా గదిలోనే, బల్లలు పక్కకి జరిపి, అందరం పోగయ్యాం. బడోబాబు దాదాకి దండవేసి, ఇచ్చిన మాట ప్రకారం ఒక్క ముక్క కూడా మాట్లాడకుండా కూర్చున్నారు, ఆయనకి అది ఎంత కష్టమో మాకు తెలుసు. నేను ప్లాట్‌ఫారం స్పీకరుకి మిషన్ తగిలించాను.

మొదటి రెండు పాటలూ దాదా కళ్ళు మూసుకుని విన్నారు. మూడో పాటలో సందు వచ్చింది. స్పీకర్లో కింది తాళం మాత్రం నడుస్తోంది. దాదా, మెడలో దండతో, కూర్చున్నచోటే గొంతెత్తారు. గదిలో అందరూ బిగుసుకుపోయారు. పాతికేళ్ళుగా చూస్తున్నవాళ్ళు కూడా ఆయన పాట ఎరగరు. శ్రుతి కాస్త తప్పింది. ఎవరికీ పట్టలేదు. సందు అయిపోగానే ఆగి, మిషన్‌కి అప్పగించేశారు, క్వయర్‌లో అప్పగించినట్టే. ఎవరో "దారుణ్, దాదా!" అని అరిచారు, బెంగాలీలో బ్రహ్మాండమని. అది ఆయనకి వినబడి ఉండదు, నోళ్ళు చూసి తెలుసుకుని ఉంటారు.

అయిదో పాట. మళ్ళీ సందు దగ్గరపడింది. దాదా గొంతెత్తుతారని అందరం చూస్తున్నాం. ఆయన నావైపు తిరిగి చెయ్యి చాపారు.

"నువ్వు పాడు."

"నానా? నాకేటి వస్తాది అక్కడ?"

"అక్కడున్నది పాడు సెల్లీ."

అక్కడ నా వరస ఉండేదని ఆయనకి తెలిసిపోయిందన్నమాట. తాళం సందులోకి వచ్చేసింది, ఆలోచించే టైము లేదు. చెరిగిపోయిన నా వరస నోట్లోకి వచ్చింది. నాది ఆల్టో గొంతు, మిషన్ ఎగిరినంత పైకి నేను జన్మలో ఎగరలేను. రెండు స్థాయిలు కిందకి దించి, ఆయన కుర్చీ పక్కనే నిలబడి, ఉన్నంత గొంతుతో పాడాను. దాదా తల నావైపు వంచి, కళ్ళార్పకుండా విన్నారు. వేలు తాళం వేస్తూనే ఉంది. సందు అయిపోయి మిషన్ అందుకున్నాక కూడా ఆయన నన్నే చూస్తున్నారు.

"ఓలమ్మ," అన్నారు, "ఇదన్నమాట అక్కడున్నాది."